ముట్టుకోబోతే కొడతాడు: మానసిక గాయం మోస్తున్న దివ్యాంగులకు తోడుండే పద్ధతి

ఒక యువకుణ్ని ఊహించుకోండి. 24 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది, మాటలు రావు. రోజంతా బాగానే ఉంటాడు. స్నానాల గది తలుపు దగ్గరికి వచ్చేసరికి ఒళ్లంతా బిగుసుకుపోతుంది. తల మీద నీళ్లు పడీ పడగానే ఎదుటివాళ్ల చెంప ఛెళ్లుమంటుంది, లేదంటే తన తలే గోడకేసి బాదుకుంటాడు. ఇంట్లోవాళ్లు "మొండికేస్తున్నాడు" అంటారు. సంరక్షణ కేంద్రంలో సిబ్బంది "అలుసిస్తే నెత్తికెక్కుతాడు" అంటారు. ఇద్దరు చేతులు పట్టుకుంటారు, మూడో మనిషి నీళ్లు పోసేస్తాడు. స్నానమైతే అయిపోతుంది. మర్నాడు ఇంకాస్త గట్టిగా కొడతాడు.

ఇలాంటి మనిషిని రోజూ చూసుకునేవాళ్ల కోసమే ఈ గైడ్. తల్లిదండ్రులు, అక్కచెల్లెళ్లు, ప్రత్యేక పాఠశాలల టీచర్లు, కేంద్రాల్లో పనిచేసే ఆయాలు, అటెండర్లు అందరూ వాడుకోవచ్చు. ఇందులో చెప్పే పద్ధతులన్నీ ఒక్క విషయం మీద నిలబడ్డాయి: అలాంటి దెబ్బల్లో చాలా భాగం భయంతో పడేవే. భయపడుతున్న మనిషిని గట్టిగా పట్టుకుంటే, తను భయపడింది నిజమేనని మనమే రుజువు చేసినట్టు అవుతుంది.

ఏది గాయం, ఎలా బయటపడుతుంది

మానసిక గాయం అనగానే పెద్ద ప్రమాదాలు, అత్యాచారాలు గుర్తొస్తాయి. దివ్యాంగుల జీవితాల్లో అవి తక్కువేమీ కాదు. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, వైకల్యం ఉన్న పిల్లలు హింసకు గురయ్యే అవకాశం మిగతా పిల్లలకంటే 3.7 రెట్లు ఎక్కువ. మేధో లేదా మానసిక వైకల్యం ఉన్న పిల్లల విషయంలో లైంగిక హింసకు గురయ్యే అవకాశం 4.6 రెట్లు ఎక్కువ.

వీటితో పాటు మనం లెక్కలోకే తీసుకోని గాయాలు ఉన్నాయి. ఇంజెక్షన్ కోసం నలుగురు కాళ్లూ చేతులూ అదిమి పట్టడం. చెప్పకుండా ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చేయడం. నాలుగేళ్లు అన్నం తినిపించిన ఆయా ఒకరోజు నుంచి కనిపించకపోవడం, ఎందుకో ఎవరూ చెప్పకపోవడం. క్లాసులో అందరూ నవ్వడం. గదిలో పెట్టి గడియ వేయడం. మనకు ఇవి "తప్పనిసరై చేసిన పనులు". కదలలేని, అడగలేని మనిషికి మాత్రం ఇవి ప్రాణం మీదికి వచ్చిన క్షణాలు.

"మాటలే రావు, వాడికేం గుర్తుంటుందిలే" అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. భయపడిన క్షణం మాటల్లోనే దాగక్కర్లేదు. వాసనగా, చప్పుడుగా, ఒంటి మీద పడ్డ చెయ్యిగా నిలిచిపోతుంది. అలాంటి వాసనే, చప్పుడే మళ్లీ తగిలితే ఒళ్లు క్షణంలో అప్రమత్తమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఆలోచించే శక్తి వెనక్కి తగ్గుతుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్లకు మనం చెప్పే నీతి వాక్యం చెవికెక్కదు. ఎక్కే పరిస్థితిలో వాళ్ల ఒళ్లు ఉండదు.

ఈ గాయం పైకి ఇలా కనిపిస్తుంది: కొట్టడం, కొరకడం, రక్కడం, తల బాదుకోవడం, బట్టలు చించుకోవడం, పరుగెత్తి పారిపోవడం. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం. నిద్రలో అరవడం. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం. ఒకే మనిషిని అంటిపెట్టుకుని వదలకపోవడం. తన మీద జరిగిన దాన్నే బొమ్మల మీదో, తోటివాళ్ల మీదో మళ్లీ మళ్లీ చేసి చూపడం.

అందరూ పొరబడే లక్షణం ఇంకొకటి ఉంది. కొందరు కొట్టరు, అరవరు. ముట్టుకోగానే కొయ్యబారిపోతారు. చూపు ఎటో నిలిచిపోతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, ఏం చేసినా ఎదురు చెప్పరు. "ఎంత బుద్ధిగా చేయించుకుంటాడో" అని మెచ్చుకుంటాం. తప్పించుకునే దారి లేదని ఒళ్లు చేతులెత్తేసిన స్థితి అది. ఇలాంటివాళ్లే ఓ రోజు "ఉన్నట్టుండి" విరుచుకుపడతారు. కొట్టేవాళ్ల విషయంలో పడే జాగ్రత్తలన్నీ వీళ్లకూ పాటించండి.

ముందు డాక్టరు, తర్వాతే ప్రవర్తన

కొత్తగా మొదలైన ప్రవర్తన గానీ, కొద్ది రోజుల్లోనే బాగా పెరిగిన ప్రవర్తన గానీ కనిపిస్తే ముందు ఒంట్లో నొప్పి వెతకండి. "అది వాడి ఆటిజమే" అని తేల్చేయడం వల్ల పుచ్చిన పన్ను నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఎక్కడ వెతకాలో ప్రవర్తనే కొంత చెబుతుంది. ముఖానికి ఒక పక్కనే కొట్టుకుంటుంటే పళ్లు, చెవి చూపించండి. తిన్నాక వెన్ను విల్లులా వంచడం, రాత్రి పడుకోబెట్టగానే ఏడవడం ఉంటే కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నుతోందేమో అడగండి. మూడు రోజులుగా విరేచనం కాకపోతే మలబద్ధకం. ఇక్కడో మెలిక ఉంది: నీళ్లలా కొద్దికొద్దిగా కారుతున్నా సరే, లోపల గట్టిపడిన మలం చుట్టూ అది జారి రావచ్చు. దాన్ని విరేచనాలనుకుని ఆపే మందు వేస్తే నొప్పి రెట్టింపవుతుంది. మూత్రంలో మంట, నెలసరి నొప్పి, తలనొప్పి, మూర్ఛలు, నిద్రలేమి కూడా జాబితాలో ఉండాలి.

కొత్తగా మందు మొదలుపెట్టిన తేదీ, మోతాదు మార్చిన తేదీ తప్పక చూడండి. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందుల వల్ల కుదురుగా కూర్చోలేని విపరీతమైన అలజడి పుడుతుంది. అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు, కాళ్లు ఆడిస్తూనే ఉంటారు. దీన్ని అకథీసియా అంటారు. ఇది తెలియక "ఇంకా ముదిరింది" అని మోతాదు పెంచితే అలజడీ పెరుగుతుంది. అలాగని మందు మీ అంతట మీరు ఆపేయకండి. తేదీలు రాసిన కాగితం డాక్టరు ముందు పెట్టండి.

14 రోజులు రాయండి

డాక్టరు దగ్గరికి వెళ్తూనే, ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. రెండు వారాల పాటు ప్రతి సంఘటననూ అది జరిగిన గంటలోపే రాయండి. రాత్రికి రాద్దాంలే అనుకుంటే సగం మరిచిపోతాం, మిగతా సగంలో మన కోపం కలుస్తుంది.

రాయాల్సినవి: తేదీ, సమయం, ఏ గది, ఎవరెవరున్నారు, అంతకు ముందు 10 నిమిషాల్లో ఏం జరిగింది, ఒంట్లో కనిపించిన మార్పు, కచ్చితంగా ఏం చేశాడు, ఎంతసేపు, ఆ తర్వాత మనం ఏం చేశాం. రోజుకొకసారి నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎంత, విరేచనం అయిందా అన్నవి.

"ఉదయం స్నానానికి తీసుకెళ్తే ఊరికే కొట్టాడు, చాలా గొడవ చేశాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అదే సంఘటనను ఇలా రాయొచ్చు: "7:40. స్నానాల గది. ఇద్దరు అటెండర్లు, తలుపు మూసి ఉంది. పాదాల మీద నీళ్లు పోసినప్పుడు చేత్తో తడిమి చూశాడు. వెనక నుంచి తల మీద మగ్గు నీళ్లు పోశారు. భుజాలు పైకెత్తి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రెండో మగ్గుకి వెనక్కి తిరిగి కుడి చేత్తో కొట్టాడు, ఒకసారి. తలుపు తోశాడు. తలుపు తీయగానే బయట కూర్చున్నాడు. 12 నిమిషాలకు ఊపిరి మామూలైంది." రెండో దాంట్లో ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. నీళ్లంటే భయం లేదు. వెనక నుంచి, ముందు చెప్పకుండా, కళ్లు మూసుకోవాల్సి వచ్చేలా నీళ్లు పడటం, తలుపు మూసి ఉండటం, ఇద్దరు చుట్టూ నిలబడటం: భయం అక్కడుంది.

బాగా జరిగిన రోజుల్ని కూడా రాయండి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ఎవరితో, ఏ వేళకు, ఎలా చేస్తే కొట్టలేదు అన్నదాంట్లోనే సగం పరిష్కారం ఉంటుంది. రెండు వారాలయ్యాక ఒక కాగితం మీద అడ్డంగా రోజులు, నిలువుగా అరగంట చొప్పున గడులు గీసి, సంఘటన జరిగిన గడిని నింపండి. గడులు ఒకచోట గుమిగూడితే అక్కడ ఏముందో చూడండి: సిబ్బంది మారే సమయమా, భోజనానికి ముందు ఆకలా, ఫలానా మనిషి వచ్చే రోజా.

గతం గురించి మనిషిని గుచ్చి గుచ్చి అడగొద్దు. పాత ఫైళ్లు, కుటుంబం, గతంలో చూసుకున్నవాళ్ల దగ్గర కనుక్కోండి: ఎప్పుడెప్పుడు ఇళ్లు మారాయి, ఎవరు చనిపోయారు, ఆసుపత్రిలో ఏం జరిగింది, ప్రవర్తన ఏ సంవత్సరంలో మొదలైంది. ఏం జరిగిందో ఎప్పటికీ తెలియకపోవచ్చు. తెలియకపోయినా కింద చెప్పినవన్నీ చేయొచ్చు.

ఒక్క స్నానాన్ని మళ్లీ కట్టడం

అన్నీ ఒకేసారి మార్చబోతే ఏదీ మారదు. రోజులో ఎక్కువ భయం పుట్టించే ఒక్క పనిని తీసుకోండి. మన ఉదాహరణలో అది స్నానం.

మొదటి పని, బలవంతపు తలస్నానం ఆపేయడం. ఒకట్రెండు వారాలు తడిగుడ్డతో తుడవడం సరిపోతుంది. తుడవాల్సిన చోట్లు చంకలు, గజ్జలు, పాదాలు, మలమూత్రాల భాగం. చర్మానికి వైద్యం నడుస్తుంటే డాక్టర్ని అడిగి చేయండి. ఈ విరామంలో గదిని సరిచూడండి. నేల జారుతోందా? ఫ్యాను గాలికి తడి ఒళ్లు వణుకుతోందా? బకెట్లో నీళ్లు పడే చప్పుడు గదిలో మారుమోగుతోందా? అలాగైతే ముందే నింపి పెట్టండి. తలుపు పూర్తిగా మూయకుండా తెర కట్టొచ్చేమో చూడండి. మర్యాదా దక్కుతుంది, దారీ కనిపిస్తుంది.

ఆ తర్వాత మెట్లు. స్నానానికి 5 నిమిషాల ముందు ఎప్పుడూ ఒకటే చిన్న తువ్వాలును అతని చేతికివ్వండి. మాట అర్థం కాకపోయినా ఆ తువ్వాలు వచ్చిందంటే ఏం రాబోతోందో తెలుస్తుంది. లోపల ఒక్కరే ఉండాలి, ఎదురుగా కాస్త పక్కకు, అతనికి కనిపించేలా. మగ్గు చూపించి ముందు మీ చేతి మీద పోసుకోండి. తర్వాత అతని అరచేతిలో. ఆ తర్వాత పాదాలు, మోకాళ్లు, చేతులు, భుజాలు. తల ఆఖరున. వీలైతే మగ్గు అతనికే ఇవ్వండి. తన మీద తను పోసుకున్న నీళ్లు ఎవరినీ అంతగా భయపెట్టవు.

ప్రతి స్పర్శకు ముందు మూడు పనులు. ఎక్కడ ముట్టుకోబోతున్నారో రెండు మాటల్లో చెప్పండి: "భుజం మీద నీళ్లు." ఖాళీ చెయ్యి చూపించండి. మనసులో 10 అంకెలు లెక్కపెట్టండి. ఈ పది సెకన్లు మనకు యుగంలా అనిపిస్తాయి. విన్నదాన్ని అర్థం చేసుకోవడానికి అతనికి పట్టే సమయం అదే. చెయ్యి చాపినా, భుజం వదులుగా ఉన్నా సరేనన్నట్టు. వెనక్కి లాక్కున్నా, బిగుసుకున్నా, ఊపిరి బిగబట్టినా వద్దన్నట్టు. వద్దంటే చెయ్యి దించి ఒక అడుగు వెనక్కి వేయండి. మళ్లీ అడగడానికి కనీసం రెండు నిమిషాలు ఆగండి.

తల దగ్గరికి వచ్చాక, మడిచిన గుడ్డ కళ్ల మీద తనే పట్టుకోనివ్వండి. తల ముందుకు వంచితే నీళ్లు ముఖం మీదికి రావు. "మూడు, రెండు, ఒకటి, అయిపోయింది" అని లెక్కపెడుతూ పోయండి. "అయిపోయింది" అన్నాక ఇంకొక్క చుక్క కూడా పోయొద్దు, జుట్టులో సబ్బు మిగిలినా సరే. సబ్బును తడిగుడ్డతో తుడిచేయొచ్చు. ఆ మాట మీద నమ్మకం ఒక్కసారి పోతే దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది.

ఒక మెట్టు మూడు రోజులు వరసగా, భుజాలు వదులుగా ఉన్న స్థితిలో జరిగాకే తర్వాతి మెట్టు. ఎక్కడ చెడుతుందంటే, నాలుగు రోజులు బాగా జరిగేసరికి మనకు ధైర్యం వచ్చి రెండు మెట్లు ఒకేసారి ఎక్కించేస్తాం. లేదా సెలవు మీదున్న అటెండరు బదులు వచ్చిన మనిషి పాత పద్ధతిలో పోసేస్తాడు. అందుకే మెట్లన్నీ రాసి గది బయట అంటించాలి. పద్ధతి తెలియని మనిషి వచ్చిన రోజు తడిగుడ్డే. స్నానం రేపు చేయొచ్చు.

"వద్దు" చెప్పే దారి ఇవ్వండి

కొట్టడం ఆపమంటే ఆగదు. కొట్టి సాధించుకుంటున్నది వేరే దారిలో దొరికితే తగ్గుతుంది. 1985లో కార్, డ్యూరాండ్ అనే పరిశోధకులు వైకల్యం ఉన్న పిల్లలకు సాయం గానీ, పెద్దల పలకరింపు గానీ అడగడం నేర్పితే వాళ్ల ఇబ్బందికర ప్రవర్తన తగ్గిందని చూపించారు. ఆనాటి నుంచి ఈ రంగంలో గట్టిగా నిలబడిన పద్ధతుల్లో ఇదొకటి.

భయపడే మనిషికి మొదట నేర్పాల్సిన మాట "ఆపు". అరచేయంత ఎర్ర కార్డు గానీ, చెయ్యి ఎత్తి చూపడం గానీ, ఒక బటన్ నొక్కితే పలికే పరికరం గానీ, అతని చేతికి తేలికగా ఏది వస్తే అది. ప్రశాంతంగా ఉన్నప్పుడు, అంతగా ఇష్టం లేని చిన్న పని దగ్గర మొదలుపెట్టండి. ముఖం చిట్లించగానే పక్కనున్న రెండో మనిషి అతని చేతి కిందికి కార్డు జరుపుతాడు. కార్డు మీద చెయ్యి పడగానే మీరు పని ఆపేయాలి, రెండు సెకన్లలోపు. రోజుకు అయిదారుసార్లు చేయొచ్చు. చెయ్యి పట్టుకుని బలవంతంగా కార్డు మీద పెట్టించకండి. వద్దనడం నేర్పడానికి వద్దన్నా వినకుండా ముట్టుకోవడమేం పద్ధతి?

మొదటి నెలలో కార్డు చూపిన ప్రతిసారీ ఆపాలి. రోజంతా చూపిస్తాడేమోనని సిబ్బంది భయపడతారు. నిజమే, కొన్నాళ్లు చూపిస్తాడు. అది నిజంగా పనిచేస్తుందో లేదో పరీక్షిస్తున్నాడు. ఆపలేని సందర్భాలు కొన్ని ఉంటాయి: రోడ్డు మీద వాహనం, మంట, తప్పనిసరి మందు. అప్పుడు కార్డును చూడనట్టు నటించకండి. "వద్దన్నావు. చూశాను. ఇది ఆపలేను. మూడు అంకెల్లో అయిపోతుంది" అని చెప్పి, చెప్పినట్టే ముగించండి.

ఇక్కడో హెచ్చరిక. "గొడవ చేస్తే పట్టించుకోకండి, అదే మానేస్తాడు" అనే సలహా విరివిగా వినిపిస్తుంది. వదిలేసి వెళ్లిపోవడమే గాయమైన మనిషి దగ్గర అది పనిచేయదు సరికదా, పాత గాయాన్ని కెలుకుతుంది. పలకరింపు కోసం చేస్తున్నాడనిపిస్తే గొడవ మొదలవకముందే పలకరింపు పెంచండి. పావుగంటకోసారి పక్కన కూర్చుని రెండు నిమిషాలు ఏమీ చేయించకుండా గడపండి. అలాగే భోజనం, నీళ్లు, నిద్ర, ఇంటివాళ్లను కలవడం వంటివి ఎప్పుడూ శిక్షగానో బహుమతిగానో వాడకూడదు.

రోజు ఎలా నడవబోతోందో తెలియాలి

రెండు బొమ్మల పలక చాలు: "ఇప్పుడు", "తర్వాత". బొమ్మ అర్థం కాకపోతే నిజం వస్తువు పెట్టండి, చెప్పు అంటే బయటికి, చెంచా అంటే భోజనం. ఈరోజు ఎవరు వస్తారో వాళ్ల ఫొటో గోడకు పెట్టండి. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లమనండి. ఎవరైనా ఉద్యోగం మానేస్తుంటే కనీసం వారం ముందు ఫొటోతో చెప్పి, వీడ్కోలు చెప్పించండి.

వారంలో అతని ఒంటి మీద ఎంతమంది చేతులు పడుతున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. పెద్ద కేంద్రాల్లో ఈ సంఖ్య చూసి సిబ్బందే ఆశ్చర్యపోతారు. స్నానం, మరుగుదొడ్డి, బట్టలు మార్చడం లాంటి పనులకు ముగ్గురు నలుగురినే కేటాయించగలిగితే మరే పద్ధతీ మొదలుపెట్టకముందే కొంత తేడా కనిపిస్తుంది. పెద్దవాళ్లను వయసుకు తగ్గట్టు పిలవండి. 40 ఏళ్ల మనిషిని "చిన్నపిల్లాడు" అంటూ అందరి ముందూ బట్టలు మార్చడం కూడా గాయమే.

పొంగుతున్నప్పుడు

గొడవ రాబోతోందని చెప్పే ముందస్తు సూచనలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి: చెవులు ఎర్రబడటం, ఒకే మాట పదేపదే అనడం, వేళ్లు కొరుక్కోవడం, గుమ్మం వైపు చూడటం. నోటుబుక్కులోంచి ఈ సూచనలు ఏరి రాసుకోండి. మొదటి సూచన కనపడగానే చేయిస్తున్న పని ఆపేయండి. పని పూర్తి చేయించాలనే పట్టుదల దగ్గరే చాలా గొడవలు ముదురుతాయి.

ముదిరితే ఇలా చేయండి. రెండు చేతుల దూరం జరగండి. ఎదురుగా నిలబడకుండా పక్కకు తిరిగి, చేతులు కనపడేలా ఉండండి. కళ్లలోకి చూడకండి. గుమ్మానికి అడ్డం రాకండి. ఒక్కరే మాట్లాడాలి, మూడు నాలుగు మాటలకు మించకుండా, గొంతు తగ్గించి: "ఇక్కడే ఉన్నా. ఏమీ చేయను." చుట్టూ మూగినవాళ్లను పంపేయండి. తోటివాళ్లను బయటికి తీసుకెళ్లడం అతన్ని లాక్కెళ్లడంకంటే తేలిక, క్షేమం కూడా. "ఎందుకు చేశావు?" అన్న ప్రశ్న వద్దు.

తల బాదుకుంటుంటే తలకూ గోడకూ మధ్య దిండు అడ్డం పెట్టండి, తలను పట్టి లాగకండి. జుట్టు పట్టుకుంటే అతని చేతి మీద మీ చెయ్యి వేసి మీ తలకేసి అదిమి ఉంచి ఆగండి. లాక్కుంటే జుట్టే ఊడి వస్తుంది. కొరికితే కూడా వెనక్కి గుంజకండి, చర్మం చీలుతుంది. చర్మం తెగితే సబ్బునీళ్లతో కడిగి డాక్టరుకు చూపించండి. తలకు గట్టి దెబ్బ తగిలాక వాంతి, మగత, మూర్ఛ, నడక తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి.

తగ్గినట్టు కనిపించినా ఒళ్లు ఇంకా తగ్గి ఉండదు. మామూలు స్థితికి రావడానికి గంటన్నర దాకా పట్టొచ్చు. ఈ లోపు "సారీ చెప్పు", "నువ్వు పారేసినవి నువ్వే ఏరు" అంటే రెండోసారి పేలుతుంది, తరచూ మొదటిదానికంటే పెద్దగా. నీళ్లివ్వండి, నిశ్శబ్దంగా కూర్చోండి, ఇష్టమైన వస్తువు దగ్గర పెట్టండి. లెక్కలు తేల్చుకునే పని ఏదైనా ఉంటే మర్నాటికి.

పట్టుకోవడం, గదిలో పెట్టి గడియ వేయడం పద్ధతులు కావు. పట్టుకోకపోతే వెంటనే తీవ్రమైన ప్రమాదం జరుగుతుందన్నప్పుడు, శిక్షణ ఉన్నవాళ్లు, వీలైనంత తక్కువ సెకన్లు మాత్రమే. బోర్లా పడుకోబెట్టి పట్టుకోవడం, ఛాతీ, వీపు, మెడ, పొట్ట మీద బరువు వేయడం ఎన్నడూ చేయకూడదు. ఊపిరి ఆడక మనుషులు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. అలా పట్టుకున్నప్పుడు పెనుగులాట ఆగిందంటే లొంగిపోయాడనుకోకండి. ఊపిరి అందడం లేదేమో, వెంటనే వదిలి చూడండి. "ఊపిరాడట్లేదు" అని అరవగలుగుతున్నాడు కాబట్టి బాగానే ఉన్నాడన్న వాదన కూడా నమ్మొద్దు.

మందు గురించి రెండు ముక్కలు

కొట్టే ప్రవర్తన తగ్గించడానికి మత్తెక్కించే మందులు రాయడం మామూలైపోయింది. 2008లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పరీక్షలో, మేధో వైకల్యం ఉండి కొట్టే ప్రవర్తన ఉన్న, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు కనిపించే, వినిపించే మానసిక జబ్బు) లేని 86 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు హాలోపెరిడాల్ అనే మందు, ఇంకో జట్టుకు రిస్పెరిడోన్ అనే మందు, మూడో జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. నాలుగు వారాలకు మూడు జట్లలోనూ కొట్టే ప్రవర్తన తగ్గింది. అన్నిటికంటే ఎక్కువ తగ్గింది ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనే. మందు అక్కర్లేదని దీన్నిబట్టి అనలేం. కుంగుబాటు, సైకోసిస్ లాంటివి ఉంటే మందు కావాలి. మీరు డాక్టర్ని అడగాల్సినవి ఇవి: ఏ జబ్బుకు ఇస్తున్నారు, ఏది తగ్గితే పనిచేసినట్టు, ఎన్ని వారాల్లో చూస్తారు, ఎప్పుడు తగ్గిస్తారు. నోటుబుక్కు తీసుకెళ్తే ఈ సంభాషణ సులువవుతుంది.

గాయం ఇంకా జరుగుతోందేమో

ఫలానా మనిషిని చూడగానే కొయ్యబారడం, మరుగుదొడ్డికి వెళ్లడానికి ఒక్కసారిగా నిరాకరించడం, కారణం తెలియని కమిలిన మచ్చలు, లోదుస్తుల మీద రక్తం: ఇవి కనిపిస్తే ప్రవర్తన ప్రణాళికను పక్కన పెట్టండి, ముందు రక్షణ. ఆ మనిషి ఇతని దగ్గరికి రాకుండా చూడండి. మీరు చూసుకుంటున్న మనిషి మాటలతో గానీ సైగలతో గానీ ఏదైనా చెబితే, చెప్పింది చెప్పినట్టు రాయండి. "ఫలానా అతనే కదా?" అని నోటికి అందించకండి. లైంగిక హింస అనుమానం ఉంటే ఒళ్లు కడగకుండా, బట్టలు ఉతక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, పోలీసులకు చెప్పండి. కేంద్రం పరువు పోతుందని లోలోపల విచారించుకునే పని పెట్టుకోకండి.

చూసుకునేవాళ్ల ఒళ్లు

దెబ్బ తిన్న మనిషి మర్నాడు అదే గదిలోకి బిగుసుకున్న భుజాలతో వెళ్తాడు. ఆ బిగువును ఎదుటి మనిషి మన మాటకంటే ముందే చదివేస్తాడు. అందుకే దెబ్బ తిన్నవాళ్లకు ఆ పూట వేరే పని ఇవ్వాలి. అదే రోజు పావుగంట కూర్చుని ఏం జరిగిందో చెప్పుకోనివ్వాలి, "నువ్వు ఇలా చేసి ఉండాల్సింది" అనకుండా. ఇంట్లో ఒంటరిగా చూసుకునే తల్లికి ఈ అవకాశమే ఉండదు. కుటుంబంలో ఇంకొకరు స్నానం మెట్లు నేర్చుకుని వారానికి రెండు రోజులైనా ఆ పని అందుకోవాలి. ఇది ఆమెకు చేసే ఉపకారమేమీ కాదు, ప్రణాళికలో భాగం.

ఎలా కొలవాలి

దెబ్బల సంఖ్య ఒక్కటే లెక్కపెడితే మోసపోతాం. కొయ్యబారిపోయిన మనిషీ కొట్టడు కదా. నిద్ర గంటలు, "ఆపు" కార్డు ఎన్నిసార్లు వాడాడు, తనంతట తనే ఎన్నిసార్లు మన దగ్గరికి వచ్చాడు, ఎన్నిసార్లు పట్టుకోవాల్సి వచ్చింది, వీటిని కూడా రాయండి. నాలుగు వారాలకోసారి చూడండి. అన్నీ సవ్యంగా నడుస్తూ ఒక్కసారిగా వెనక్కి పోతే మళ్లీ మొదటి నుంచి, అంటే ముందు పళ్లు, చెవి, కడుపు, మందుల తేదీలు. అక్కడేమీ లేకపోతే ఎవరు మారారో చూడండి. సంవత్సరంలో అదే నెలలో ప్రతిసారీ ఇలా జరుగుతోందేమో, ఎవరైనా పోయిన నెలేమో చూడండి.

మూడు నెలలు కొట్టలేదని తువ్వాలునూ కార్డునూ తీసేయడం తరచుగా జరిగే తప్పు. కళ్లజోడు పెట్టుకుని బాగా చదువుతున్నాడని కళ్లజోడు తీసేయం కదా.

ఆఖరుగా, ఒక్క పేజీ కాగితం తయారు చేయండి. ఆసుపత్రికైనా, కొత్త కేంద్రానికైనా అది అతనితో పాటు వెళ్లాలి. దాని మీద పేరు, ఎలా పిలిస్తే ఇష్టం, అవుననీ వద్దనీ ఎలా చెబుతాడు, నొప్పి ఉంటే ఏం చేస్తాడు, భయం మొదలైతే కనిపించే మూడు సూచనలు, అప్పుడు మీరు చేయాల్సినవి మూడు, ఎన్నడూ చేయకూడనివి మూడు. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో: "ముట్టుకునే ముందు చెప్పండి, చెయ్యి చూపించండి, పది లెక్కపెట్టండి." అడుగున తేదీ వేసి, ప్రతి ఆరు నెలలకూ కొత్తది రాసి, పాతది చించేయండి.